జానెడు ఎత్తు

వీధిలోంచి ఆశ్చర్యార్థకంలా నిటారుగా నడిచొచ్చిన ఆవిడ, మేస్త్రి ఇంటి గుమ్మం దాటేసరికి ప్రశ్నార్థకంలా వంగిపోయింది. వంగి లోపలికొచ్చింది, వంగి ఫ్యాను కింద నుంచి తప్పుకుంది, వంగి వెనక గది చూసింది, వంగే వంటగదిలోకి తొంగి చూసింది. కుర్చీలో కూలబడ్డాక గానీ ఆవిడ వెన్నెముకకి ఊపిరాడలేదు.

"ఇల్లు బావుందండీ," అంది మెడ రుద్దుకుంటూ. "మనుషులు ఇంకా బావున్నారు. కానీ ఒక్క మాట చెప్పేస్తాను, తర్వాత ఎవరూ బాధపడకూడదు."

మేస్త్రి, మేస్త్రి వాళ్ళమ్మ ఒకేసారి ముందుకు జరిగారు.

"నేను పుట్టి బుద్ధెరిగినప్పట్నుంచీ వంగుతూనే ఉన్నాను. బళ్ళో వెనకాల వాళ్ళకి బోర్డు కనబడదని వంగాను. బస్సులో వంగాను. ఫొటోల్లో పక్కవాళ్ళు పొట్టిగా పడతారని వంగాను. ఇంట్లో మాత్రం వంగేది లేదని నాకు నేనే మాటిచ్చుకున్నాను. కప్పు ఎత్తుగా ఉందని మూడంతస్తులెక్కి మరీ ఒక్క గదిలో ఉంటున్నాను. ఈ ఇంట్లో నిటారుగా నిలబడే దారేదైనా ఉంటే రేపే వచ్చేస్తాను. లేదంటే, మేస్త్రిగారూ, మీతో మాటలు మాననుగానీ, మనువు మాట మాత్రం మర్చిపోదాం."

"ఒక్క నెల టైమివ్వండి," అన్నాడు మేస్త్రి. ఏం చెయ్యడానికి ఆ నెల అన్నది ఆయనకీ తెలీదు.

ఆవిడ నవ్వి, లేచి, మళ్ళీ వంగి, వెళ్ళిపోయింది. వీధిలోకి అడుగు పెట్టగానే మడతపెట్టిన గొడుగు విప్పినట్టు నిటారుగా అయింది. ఆ విప్పుకోవడం కిటికీలోంచి చూసిన మేస్త్రికి గుండెలో ఏదో ముడుచుకుపోయింది.

మేస్త్రికి నలభై ఎనిమిదేళ్ళు. ఇళ్ళకి నేలలు వేసే పని. చేతిలో రసమట్టం లేకుండా ఆయన్ని చూసినవాళ్ళు లేరు. గాజు గొట్టంలో బుడగ నడిమధ్యన నిలబడితే తప్ప నేల నిలబడినట్టు కాదని ఆయన నమ్మకం. అందుకే అసలు పేరు అరిగిపోయి మట్టం మేస్త్రి అన్న పేరు మిగిలింది. మనిషి కూడా మట్టసంగానే ఉంటాడు. పెళ్ళి మాట ఎత్తినప్పుడల్లా "ఈ ఒక్క నేలా పూర్తవనీండి" అనేవాడు. ఒక నేల పూర్తయితే ఇంకో నేల పిలిచేది. అలా నేల చూపులు చూస్తూనే పెళ్ళిచూపుల వయసు దాటించేశాడు.

ఆవిడ కర్టెన్ల టైలరు. మేస్త్రి నేల వేసిన ఇళ్ళకే తర్వాత కర్టెన్లు కుట్టడానికి వచ్చేది. మొదటిసారి ఆయన మోకాళ్ళ మీద కూర్చుని టైళ్ళ సందుల్లో సిమెంటు నింపుతుంటే ఎదురుగా రెండు చెప్పులు ఆగాయి. ఎవరా అని తలెత్తాడు. పాదాల దగ్గర బయల్దేరిన చూపు ముఖం చేరేసరికి చేతిలో సిమెంటు గట్టిపడిపోయింది. ఆ రోజు నుంచి ఆవిడ ఏ ఇంట్లో ఏం చెప్పినా చెవులు రిక్కించి వినేవాడు. ఆవిడ ఎక్కువగా చెప్పేది తక్కువ ఎత్తు ఇళ్ళ గురించే. "రాడ్డు కిటికీ నెత్తిన పెట్టకండి, కప్పుకి ఆనించి పెట్టండి. గుడ్డ పైనుంచి కింది దాకా జారితే గోడ పొడుగనిపిస్తుంది." "అడ్డ గీతలొద్దండీ, నిలువు గీతలు తీసుకోండి, గది లావు తగ్గి పొడుగవుతుంది." ఇంటి యజమానులు సగం వినేవారు. మేస్త్రి మాత్రం ఒక్క ముక్క పోకుండా మనసులో పరిచి, సందులు నింపి, ఆరబెట్టుకున్నాడు.

ఆ సాయంత్రమే బావని పిలిపించాడు. బావంటే అక్క మొగుడు, ఇళ్ళకి రంగులేస్తాడు. డబ్బా మూత తియ్యగానే ఆయన నోటి మూత కూడా ఊడిపోతుంది.

"శ్లాబు పైకి లేపలేం కదా బావా," అన్నాడు మేస్త్రి దిగులుగా.

"శ్లాబునెందుకోయ్ కష్టపెట్టడం? కంటిని నమ్మిస్తే చాలు. ఎత్తు లేనిచోట ఎత్తు వెయ్యాలి. నీ టైలరమ్మ చెప్పినవే ఆవిడ మీద ప్రయోగిద్దాం."

"మోసం కాదూ?"

"మోసమెందుకవుతుంది? ముస్తాబు. మీ అక్క ఎత్తు మడమల చెప్పులేసుకుని నడిస్తే నేనెప్పుడైనా మోసపోయానన్నానా?"

"అన్నారు అల్లుడుగారూ, మొన్ననే నాతో అన్నారు," అంది లోపలి నుంచి మేస్త్రి తల్లి. ఆవిడ ఎత్తు ఇంటి బీరువాలో సగం, మాట పదును దానికి రెండింతలు. "మీ ఎత్తులూ పైఎత్తులూ మీరేడవండి, నా మంచం జోలికి మాత్రం రాకండి."

మర్నాడు ముందుగా వెళ్ళింది ఆ మంచం జోలికే.

సామాను పొట్టిగా ఉంటే పైన ఖాళీ ఎక్కువ కనబడుతుంది, ఖాళీ ఎక్కువైతే కప్పు ఎత్తనిపిస్తుంది. ఇదీ లెక్క. బావ రంపం తెచ్చాడు. కుర్చీల కాళ్ళు, బల్ల కాళ్ళు, మంచం కాళ్ళు సగానికి కోసేశారు. ముసలావిడ మంచం మీద కూర్చుని లేవబోయి, లేవలేక, మళ్ళీ కూర్చుంది.

"కాళ్ళు తీసింది మంచానికా నాకా? ఇహ నన్ను లేపడానికి పలుగు తెచ్చుకో."

"చెయ్యిస్తానే అమ్మా."

"కోడలొచ్చాక చెయ్యిద్దువుగానీ. ముందు రానీ."

తర్వాత రంగులు. గోడకో రంగు, కప్పుకో రంగు వేస్తే రెండూ కలిసే చోట గీత పడుతుంది, ఆ గీత దగ్గర కన్ను ఆగిపోతుంది. కాబట్టి గోడ రంగునే ఆపకుండా కప్పు మీదికి ఎక్కించారు. పాలల్లో రవ్వంత పసుపు కలిపినట్టుండే రంగు. గోడ ఎక్కడ ముగిసిందో కప్పు ఎక్కడ మొదలైందో వేసిన బావకే తెలియలేదు. ఆయన నిచ్చెన మీద నుంచి "బావమరిదీ, నేనిప్పుడు గోడకి వేస్తున్నానా, గొడుగుకి వేస్తున్నానా?" అని అడిగాడు. కిటికీ ఉన్న గోడకి సన్నటి నిలువు చారలు లాగారు. వేలాడే దీపం పీకేసి, మూలల్లో నేల దగ్గర దీపాలు పెట్టి వెలుతురు పైకి కొట్టేలా తిప్పారు. సన్నగా పొడవుగా ఉన్న అద్దమొకటి గోడకి ఆనించి పెట్టారు. అందులో పొట్టి మేస్త్రి కూడా పొడుగ్గానే కనిపించాడు.

మిగిలింది కర్టెన్లు. ఇక్కడే మేస్త్రికి చిక్కొచ్చి పడింది. లోకంలో కర్టెన్లు కుట్టడం తెలిసిన మనిషి ఆయనకి ఒక్కరే తెలుసు, ఆ మనిషికే తెలియకూడదు. చివరికి రెండు వీధుల అవతల ఉన్న దుకాణంలో, దొంగ సరుకు కొంటున్నవాడిలా అటూ ఇటూ చూస్తూ కుట్టించుకొచ్చాడు. రాడ్లు కప్పుకి ఆనించి బిగించారు. కిటికీకి వేశాక గుడ్డ కొంచెం మిగిలింది.

"హాల్లోంచి వెనక గదికెళ్ళే గుమ్మం పొట్టిగా గుర్రుగా చూస్తోంది, దాని మొహం కూడా కప్పేద్దాం," అన్నాడు బావ.

గుమ్మానికి కూడా కప్పు నుంచి నేల దాకా కర్టెన్ వేసేశారు. అంతటితో పొట్టి గుమ్మం మాయమై, కప్పంత ఎత్తున రాజదర్బారు ద్వారం వెలిసింది. ఇద్దరూ వెనక్కెళ్ళి చూశారు. ముసలావిడ కూడా మంచం మీద నుంచి మెడ చాచి చూసింది.

"అబ్బో," అంది. "ఇది మనిల్లేనా? అద్దె అడుగుతారేమో కనుక్కో."

ఆ ఇంట్లో అందరూ పొట్టివాళ్ళే. గుమ్మానికీ వాళ్ళ తలలకీ ఏనాడూ తగాదా లేదు. అందుకే ఆ కర్టెన్ వెనకాల ఏముందో ముగ్గురిలో ఒక్కరికీ తోచలేదు.

టైలరమ్మ అనుకున్నరోజు పగటిపూటే వచ్చింది. వీధి గుమ్మం దగ్గర అలవాటుగా వంగింది. లోపలికొచ్చి, వంగినది వంగినట్టే కాసేపు ఆగి, మెల్లగా తలెత్తింది. ఆ తర్వాత వీపు, ఆ తర్వాత భుజాలు. గది నడుమ, ఫ్యానుకి కాస్త ఎడంగా, నిటారుగా నిలబడింది.

"గోడ రంగు కప్పుకెక్కించారు," అంది ఆవిడ నెమ్మదిగా, చదువుతున్నట్టు. "చారలు సన్నవి. మంచిది. దీపాలు కిందికి. అద్దం. కుర్చీల కాళ్ళు కోసేశారా? అయ్యో పాపం." ఆవిడ పెదాల చివర్లు పైకి లేస్తున్నాయి. "మేస్త్రిగారూ, ఇవన్నీ నా నోట్లోంచి వచ్చినవే కదండీ?"

"మీరు ఆ పెద్ద గేటు ఇంటావిడకి చెబుతుంటే విన్నాను."

"ఆవిడ వినలేదు. మీరు విన్నారన్నమాట." అంటూ కిటికీ దగ్గరకెళ్ళి కర్టెన్ అంచు వేళ్ళతో పట్టుకుంది. ఆవిడ మొహంలో నవ్వు చప్పున ఆగింది. "ఇది ఎవరు కుట్టారు?"

మేస్త్రి నేల చూశాడు. బావ కప్పు చూశాడు.

"అడిగేది మిమ్మల్నే. ఎవరీవిడ?"

"ఆవిడ కాదండీ, ఆయన. రెండు వీధుల అవతల. మీకు తెలియకుండా చెయ్యాలని..."

"కుచ్చిళ్ళు చూడండి, ఎక్కడివక్కడ చెదిరిపోయాయి. మడత చూడండి, కోడిపుంజు కుట్టినట్టుంది. నాకు తెలియకుండా ఇలాంటివాళ్ళ దగ్గరకి వెళ్తారన్నమాట." కోపం నటిస్తోందని ముసలావిడకి తెలిసింది గానీ కొడుక్కి తెలియలేదు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

"సరేలెండి. వెనక గది కూడా చూస్తాను," అంటూ ఆ దర్జీ దర్జాగా వెనక్కి తిరిగి, కప్పు నుంచి జారుతున్న కర్టెన్ వైపు నడిచింది. పుట్టి బుద్ధెరిగాక పరాయింట్లో మొదటిసారి వంగకుండా, తడుముకోకుండా, తల నిక్కించి, ఒక చేత్తో కర్టెన్ పక్కకి నెట్టి మరీ అడుగేసింది.

ఠప్పుమంది.

ద్వారబంధం పైచెక్క కర్టెన్ వెనకాల ఎక్కడుండాలో అక్కడే ఉంది. దానికి అలంకారాల సంగతి తెలియదు.

కాసేపు ఇల్లంతా కంగారు. ముసలావిడ మంచం మీద నుంచి తనంతట తనే లేచిపోయింది. అంత కురచ మంచం మీద నుంచి ఎలా లేచిందో ఎవరూ అడగలేదు. చల్లటి నీళ్ళలో గుడ్డ తడిపి తెచ్చి, కురచ కుర్చీలో కూర్చున్న ఆవిడ నుదుటికి అద్దింది. ఆ కుర్చీలో టైలరమ్మ మోకాళ్ళు గడ్డాన్ని తాకుతున్నాయి. నొప్పికి కళ్ళలో నీళ్ళు, జరిగినదానికి నవ్వు, రెండూ ఒకేసారి వచ్చి ఆవిడకి ఎక్కిళ్ళు పట్టాయి.

"అంటే, మా పనితనం అంత బాగా కుదిరిందన్నమాట," అన్నాడు బావ. అత్తగారు చూసిన చూపుకి నిచ్చెన తీసుకుని పెరట్లోకి వెళ్ళిపోయాడు.

"నన్ను క్షమించండి," అన్నాడు మేస్త్రి.

"తప్పు నాది కూడా ఉందిలెండి. ఎన్ని ఇళ్ళల్లో చెప్పానో ఇలా చెయ్యమని. ఒక్కసారైనా ఆ ఇంట్లో పొడుగువాళ్ళున్నారా అని అడగలేదు." తడిగుడ్డ పక్కకి తీసి ఆయన్ని చూసింది. "కానీ ఒకటి చెప్పనా? ఇల్లు ఎత్తుగా కనబడాలని నేను అడగలేదు. నా ఎత్తున నేను ఉండాలని అడిగాను. మీరు పడిన శ్రమంతా చూస్తే ముచ్చటేస్తోంది. కంటికి చాలా బావుంది. తలకే బాగా లేదు."

మేస్త్రి తల వంచుకున్నాడు. తలవంపులంటే ఏమిటో ఇన్నాళ్ళూ తల వంచే అవసరం లేని మనిషికి ఇప్పుడర్థమైంది.

ముసలావిడ మాత్రం గుమ్మాన్నే చూస్తోంది. కర్టెన్ పక్కకి తొలిగి పైచెక్క బయటపడింది.

"ఏరా, ఈ గుమ్మం ఇంత పొట్టిదెప్పుడైంది?"

"ఎప్పుడూ ఇంతేగా అమ్మా. నాన్న అలా పెట్టించాడు."

"ఎవరు చెప్పారు? మీ నాన్న నిన్ను భుజాల మీద ఎక్కించుకుని ఈ గుమ్మంలోంచి అటూ ఇటూ తిరిగేవాడు. నువ్వు చెయ్యెత్తి ఆ పైచెక్క మీద దరువేసేవాడివి. చెయ్యెత్తితే గానీ అందేది కాదు. మీ నాన్నేమన్నా బుడ్డోడా? నాకంటే చెయ్యెడు పొడుగు."

మేస్త్రి గుమ్మం దగ్గరకెళ్ళాడు. అలవాటు ప్రకారం కింద నుంచి చూడటం మొదలుపెట్టాడు. తలుపుకి పైన వెడల్పాటి అడ్డచెక్క ఉంది, మధ్యలో ఉంది, కింద లేదు. చెక్కడపు పలక సగంలో తెగి నేలని తాకుతోంది. ఆ తలుపు కింద నుంచి కోసింది ఎవరో ఆయనకి తెలుసు. వడ్రంగిని పిలిచి, పక్కన నిలబడి, నేల కొత్తగా వేసిన ప్రతిసారీ కోయించింది తనే.

పనిలో చేరిన కొత్తలో, నాన్న వేసిన గచ్చు మీద మొజాయిక్ వేసి చెయ్యి సాధన చేశాడు. పాలరాయి నేర్చుకున్నాక మొజాయిక్ మీద పాలరాయి పరిచాడు. గ్రానైట్ వచ్చాక పాలరాయి మీద గ్రానైట్. నిరుడు, పెద్ద పెద్ద టైళ్ళు వచ్చాక, గ్రానైట్ మీద టైళ్ళు. గట్టిగా ఉన్న నేలని పగలగొట్టకూడదని ఆయన గురువు నేర్పిన నియమం. పగలగొట్టలేదు. ప్రతి నేల కిందా సిమెంటు, ఇసుక, ప్రతి నేల మీదా ఇంకో నేల. ఇల్లు చూపించి పనులు తెచ్చుకునేవాడు. అందరూ మెచ్చుకున్నారు, ఎవరూ తలెత్తి పైకి చూడలేదు.

చొక్కా జేబులోంచి రసమట్టం తీసి నేల మీద పెట్టాడు. బుడగ నడిమధ్యన నిలబడింది. ఎప్పుడూ అలాగే నిలబడింది. నేల ఎటైనా ఒరిగితే చెబుతుంది ఆ బుడగ. ఎంత పైకొచ్చిందో దానికి తెలీదు, ఎవరూ అడగనూ లేదు.

"ఏమైందండీ?" అంది టైలరమ్మ.

"ఏం లేదు. మీరు ఇంటికెళ్ళి పడుకోండి. నుదురు బొప్పి కడుతుంది." ఆయన రసమట్టం తీసి జేబులో వేసుకున్నాడు. "కప్పు కిందికి దిగలేదండీ. నేనే నేలని పైకి తెచ్చాను."

ఆవిడ వెళ్ళాక ఆ మాట బావకి చెబితే ముందు అర్థం కాలేదు, అర్థమయ్యాక లబోదిబోమన్నాడు.

"నిన్నగాక మొన్న వేశానోయ్ రంగు. దుమ్ము లేస్తే గోడలు మళ్ళీ మొదటికొస్తాయి."

"మళ్ళీ వేద్దువుగానీ బావా."

"ఆ టైళ్ళు చూడు, సందు కనిపిస్తోందా? జుట్టు కూడా దూరదు. నీ చేతి పనుల్లో ఇంతకంటే మంచిది ఇంకోటుందా?"

లేదు. అది మేస్త్రికి బావకంటే బాగా తెలుసు. టైళ్ళ మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, సందుల మీద బొటనవేలు ఆడిస్తూ చాలాసేపు ఉన్నాడు. ఈ నేల మీద తనకి పేరొచ్చింది. ఈ నేల మీద తను నిటారుగా తిరిగాడు. తన పొడుగు మనిషికి పొడుగ్గా ఉండే హక్కు ఈ నేల కిందెక్కడో పూడిపోయి ఉంది. లేచి, సుత్తి తెచ్చి, మొదటి దెబ్బ తనే కొట్టాడు. శబ్దం విని ముసలావిడ చెవులు మూసుకుంది. మూసుకున్న చెవులతోనే నవ్వింది.

అన్ని గదులూ, వరండాతో సహా, పొర పొరగా లేచాయి. టైళ్ళు లేచాయి, కింద గ్రానైట్ నల్లగా మెరిసింది. గ్రానైట్ లేచింది, పాలరాయి పాలిపోయి కనిపించింది. "ఇదిగో, మీ అక్క పెళ్ళినాటి నేల," అంది ముసలావిడ. పాలరాయి లేచింది, రంగురంగుల మొజాయిక్ బయటపడింది. "ఇది నువ్వు చెయ్యి తిరగనప్పుడు వేసింది, చూడు, పేలపిండి చల్లినట్టుంది." మొజాయిక్ కూడా పోయాక, చిట్టచివర, అడుగున, ఎర్రగచ్చు దొరికింది. అద్దంలా నున్నగా, చల్లగా ఉంది. మేస్త్రి గుమ్మంలో నిలబడి చెయ్యెత్తాడు. పైచెక్క అందలేదు. మునివేళ్ళ మీద లేస్తే అందింది. జానెడు మీద బెత్తెడు ఎత్తు ఇన్నేళ్ళూ కాళ్ళ కింద పడి ఉంది.

బావ మూతి ముడుచుకునే కొలిచాడు. "కంటిని నమ్మించడానికి నేను ఎంత రంగు పోశాను, నువ్వు సుత్తితో పని కానిచ్చావు," అని గొణిగాడు. కానీ గోడ చారలు మళ్ళీ వేసేటప్పుడు వాటిని కిందిదాకా సాగదీస్తూ ఈలేశాడు.

అప్పుడు మేస్త్రి రసమట్టం తీసి గచ్చు మీద పెట్టాడు.

బుడగ పక్కకి పారిపోయింది. ఇంకోచోట పెట్టాడు. ఇంకో పక్కకి పారిపోయింది. నాన్న మేస్త్రి కాదు. సెలవు రోజుల్లో తాపీ పట్టుకుని సొంతంగా వేసుకున్న గచ్చు అది. కిటికీ మూల నుంచి వంటగది మూలకి ఒరిగి ఉంది.

మేస్త్రి ఒళ్ళంతా జలదరించింది. ఊళ్ళో ఎవరి నేల ఇలా ఉన్నా రాత్రి నిద్రపట్టని మనిషి. "ఇది కూడా లేపేసి, ఇదే ఎత్తున మట్టంగా వేసేస్తాను," అని సుత్తి అందుకున్నాడు.

ముసలావిడ తన కురచ కుర్చీని ఈడ్చుకొచ్చి గచ్చు నట్టనడుమ వేసుకుని కూర్చుంది.

"లేవవే అమ్మా."

"లేవలేను. కుర్చీ కాళ్ళు కోసింది నువ్వే."

"నేల వంకరగా ఉందే."

"ఉంటే? మీ నాన్న మోకాళ్ళు చెక్కుకుపోయేలా వేశాడు దీన్ని. ఆయన వంకర నాకు అలవాటే. మంచం కోశావు, ఊరుకున్నాను. కుర్చీ కోశావు, ఊరుకున్నాను. దీని మీద సుత్తి పడితే నేను ఊరుకోను."

మేస్త్రి నేలని చూశాడు, అమ్మని చూశాడు, చేతిలో సుత్తిని చూశాడు. సుత్తి దించి, రసమట్టాన్ని జేబులో పెట్టుకున్నాడు. అది కాసేపు బరువుగానే ఉంది.

మర్నాడు మూడంతస్తులెక్కి టైలరమ్మ తలుపు తట్టాడు. ఆవిడ నుదుటి బొప్పి తగ్గి పసుపుపచ్చగా మిగిలింది.

"ఒకసారి రావాలండీ. ఈసారి ఇంట్లో చూడ్డానికేం లేదు. వచ్చి నిలబడితే చాలు."

ఆవిడ చేతిలో పని పక్కన పెట్టి ఏం అడగకుండా బయల్దేరింది.

వీధి గుమ్మం దగ్గర అలవాటు చొప్పున వంగబోయి, ఆగి, పైచెక్కని చేత్తో తడిమింది. నమ్మకం కుదరక ఇంకోసారి తడిమింది. నిటారుగా లోపలికొచ్చింది. హాల్లోంచి వెనక గదికి, వెనక గదిలోంచి వంటగదికి, మళ్ళీ హాల్లోకి నడిచింది. ఎక్కడా వంగలేదు. ఎర్రగచ్చు చల్లగా తగలాలని చెప్పులు విడిచి నడిచింది. ఫ్యాను కింద నిలబడి రెండు చేతులూ తల వెనక్కి పెట్టి, జారిన జుట్టు తీరిగ్గా ముడేసుకుంది. మోచేతులకీ ఫ్యాను రెక్కలకీ మధ్య ఖాళీ మిగిలింది.

ఆవిడ వేళ్ళు ముడి దగ్గర ఆగిపోయాయి.

"అన్నీ పగలగొట్టేశారా? ఆ టైళ్ళు కూడానా?"

"ఆ. పక్కవీధి ఇంట్లో అలాంటివే వేస్తున్నాను. చూడాలనిపిస్తే వెళ్ళి చూసుకుంటాను."

ఆవిడ మొహం తిప్పుకుని కిటికీ వైపు చూసింది. కిటికీకి ఆ రెండు వీధుల అవతలి కర్టెన్లు ఇంకా వేలాడుతున్నాయి. నేల దిగిపోయింది కదా, కర్టెన్లు మోకాళ్ళ దాకా వచ్చి ఆగిపోయాయి. ఎదిగిన పిల్లాడికి నిరుటి లాగు తొడిగినట్టుంది.

"వీటిని ముందు పీకెయ్యండి. చూడలేకపోతున్నాను." చేతిసంచీలోంచి స్టీలు కొలత టేపు తీసింది. "పట్టుకోండి."

పై కొస ఆవిడ పట్టుకుంది, స్టూలు అక్కర్లేకుండానే రాడ్డుకి ఆనించింది. కింది కొస మేస్త్రి పట్టుకుని మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఇద్దరికీ వాళ్ళవాళ్ళ చోటు తేలిగ్గా దొరికింది. కిటికీకి ఈ చివర కొలిచి ఆ చివరికి వెళ్ళారు.

ఆవిడ కనుబొమలు ముడిపడ్డాయి. "ఇటు వేలెడు ఎక్కువొస్తోంది."

మేస్త్రి తలెత్తలేదు. "నేల వంకరండీ. అమ్మ ముట్టుకోనివ్వలేదు."

"మీ ఇంట్లో నేల వంకరా?"

"ఎవరికీ చెప్పకండి."

ఆవిడ నవ్వింది. పైనుంచి కింది దాకా జారే నవ్వు. "దానికేముంది, అంచు వంకరగా కుడతాను. చూసేవాళ్ళకి నేలా తిన్నగానే కనబడుతుంది, కర్టెనూ తిన్నగానే కనబడుతుంది. ఇలాంటివి నాకు వదిలేయండి. ఆ గుమ్మానికి మాత్రం కర్టెన్ వద్దు."

"ఎప్పటికవుతాయి?"

"మిషను ఇక్కడికి తెచ్చుకుంటే తొందరగా అవుతాయి. వెనక గదిలో వెలుతురు బావుంది."

మేస్త్రి చేతిలోంచి టేపు జారి సర్రున పైకి చుట్టుకుపోయింది.

"అమ్మాయ్," అంది ముసలావిడ కురచ కుర్చీలోంచి, "మిషను తెచ్చేటప్పుడు తెద్దువుగానీ, ముందా అటక మీద పాత దుప్పట్ల మూట అందుకో తల్లీ. నేల దిగినప్పట్నుంచీ ఈ ఇంట్లో ఎవరికీ ఏదీ అందట్లేదు."

ఆవిడ అటక దగ్గరకెళ్ళి, మడమలు కూడా ఎత్తకుండా, చెయ్యి చాపి మూట దించింది.